మడత చాకు, మచ్చుకత్తి: బలం కన్నా ముందు చూడాల్సింది

చిత్తూరు జిల్లా బంగారుపాళెం చుట్టుపక్కల మామిడి నర్సరీల్లో అంటు కట్టే మనిషి జేబులో మడత చాకు ఉంటుంది. పక్క తోటలో ఎండుకొమ్మలు కొట్టే మనిషి చేతిలో మచ్చుకత్తి ఉంటుంది. ఇద్దరూ ఒక్క పూట కత్తులు మార్చుకుంటే ఇద్దరి పనీ చెడుతుంది. రెండూ ఉక్కే, రెండిటికీ పదును ఉంది, పిడి ఉంది. అయినా ఒకదాని పని ఇంకొకటి చేయలేదు. ఎందుకు చేయలేదని అడిగితే చాలామంది ‘మడత కత్తి వీక్, మడవని కత్తి స్ట్రాంగ్’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ మాట పూర్తిగా తప్పు కాదు. కానీ దాన్ని నమ్ముకుని కత్తి కొంటే డబ్బు దండగ అవుతుంది, ఒక్కోసారి వేలు తెగుతుంది.

కత్తికి ఎంత బలం ఉందన్నది రెండో ప్రశ్న. దాని మీద పడే ఒత్తిడి ఏ వైపు నుంచి వస్తోంది, వచ్చి ఎక్కడ ఆగుతోంది అన్నది మొదటి ప్రశ్న. ఇది తెలిస్తే కొట్లో ఏ కత్తి కనబడినా, అది దేనికి పనికొస్తుందో దేనికి పనికిరాదో మనమే చెప్పుకోవచ్చు. మంచి పనిముట్టుని దానిది కాని పనికి వాడి, విరిగాక ‘కత్తే మంచిది కాదు’ అని మూలన పడేయడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఈ వ్యాసం రాస్తున్నది అందుకే.

మడవని కత్తిలో అలుగూ (కోసే రేకు), దాని వెనక పిడిలోకి దూరే తోకా ఒకే ఉక్కు ముక్క. వంటింటి కత్తి, మాంసం కొట్టే కత్తి, బోండాలు కొట్టే కత్తి, మచ్చుకత్తి అన్నీ ఈ రకమే. మడత చాకులో అలుగు ఒక ముక్క, పిడి ఇంకో ముక్క. రెండిటినీ అడ్డంగా ఒక పిన్ను కలుపుతుంది. ఆ కీలు మీద అలుగు తిరిగి పిడిలోని గాడిలో పడుకుంటుంది. పదును లోపలికి వెళ్ళిపోతుంది కాబట్టి వేరే ఒర అక్కర్లేదు. ఇదేమీ కొత్తగా వచ్చింది కాదు. ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్‌లో దొరికిన మడత కత్తి క్రీస్తుపూర్వం 600-500 మధ్య కాలానిది. రోమన్లు కూడా మడత కత్తులు వాడారు. కత్తి ఎప్పుడూ వెంట ఉండాలి, కానీ మనకు గుచ్చుకోకూడదు అన్న అవసరం రెండున్నర వేల ఏళ్ళ కిందటే ఉందన్నమాట.

కీలు మీద ఏం జరుగుతుంది

మడత చాకు తెరిచి, పలక మీద మామిడికాయ పెట్టి కోస్తున్నారనుకోండి. చెయ్యి కిందికి నొక్కుతుంది, కాయ పదునుని పైకి నెడుతుంది. ఆ నెట్టుడికి అలుగు ఏ వైపు తిరగాలని చూస్తుంది? మూసుకునే వైపు కాదు. ఇప్పటికే తెరిచి ఉన్నదాన్ని ఇంకాస్త వెనక్కి తెరవాలని చూస్తుంది. అక్కడ దానికి అడ్డంగా పిడి వెన్నో, ఒక చిన్న అడ్డుపిన్నో ఉంటుంది. అలుగు దానికి ఆనుకుని నిలబడుతుంది. అంటే మామూలుగా కోసేటప్పుడు లాక్, అంటే తెరిచిన అలుగు మూసుకోకుండా పట్టి ఉంచే ఏర్పాటు, పని చేయడం లేదు. అసలు లాక్‌తో అవసరమే లేదు. లాక్ లేని చాకుతో మనవాళ్ళు ఏళ్ళ తరబడి కాయలు కోసుకున్నారు, పురికొస తెంచారు, కరెంటు వైరు తొక్క తీశారు. ఏమీ కాలేదు.

ఒత్తిడి దిశ మారినప్పుడే ప్రమాదం. ప్లాస్టిక్ డ్రమ్ముకు చిల్లి పెట్టాలని కొనతో పొడిచారనుకోండి. కొన ఒక చోట ఆగిపోతుంది, చెయ్యి ముందుకు పోతుంది. చెయ్యి కాస్త వంకరగా ఉంటే చాలు, అలుగు మూసుకునే వైపు తిరుగుతుంది. దాని దారిలో ఉండేవి మీ వేళ్ళే. పచ్చి కట్టెలో ఇరుక్కున్న అలుగుని అటూ ఇటూ ఆడించి లాగినా అంతే. చీలడం లేదని కత్తి వీపు (పదును లేని అంచు) మీద రాయితో కొట్టడం అన్నిటికన్నా ప్రమాదం, ఎందుకంటే వీపు మీద పడే ప్రతి దెబ్బా సూటిగా మూసుకునే వైపే నెడుతుంది. ఇక డబ్బా మూత పైకి లేపడానికి అడ్డంగా మెలిపెడితే, ఆ మెలి మొత్తం ఒక్క పిన్ను మీద పడుతుంది. ఆ రోజు ఏమీ కాకపోవచ్చు. మర్నాటి నుంచి అలుగు లూజుగా ఊగుతుంది.

ఇందులో ఒక చిన్న లెక్క ఉంది. అలుగు 10 సెంటీమీటర్లు అనుకుందాం. వీపు వైపు నుంచి కొన మీద 5 కిలోల బరువంత ఒత్తిడి పడింది. లాక్ ఆనే చోటు కీలు పిన్నుకు దాదాపు 1 సెంటీమీటరు దూరంలో ఉంటుంది. 5ని 10తో గుణిస్తే 50. అదే 50 ఒక సెంటీమీటరు దూరంలో ఆగాలంటే లాక్ 50 కిలోల బరువు మొయ్యాలి. మొయ్యాల్సిన చోటు వెడల్పు ఎంత? రెండు మూడు మిల్లీమీటర్లు. చేతికి 5 కిలోలు పెద్ద బరువు అనిపించదు గానీ ఆ చిన్న ఉక్కు ముక్క మోసేది పది రెట్లు. అలుగు పొడుగయ్యే కొద్దీ ఈ లెక్క ఇంకా పెరుగుతుంది. అందుకే పనికొచ్చే మడత చాకులు ఎక్కువగా 7 నుంచి 10 సెంటీమీటర్ల లోపే ఉంటాయి. అడుగు పొడవు మడత కత్తి చూడ్డానికి భయంకరంగా ఉంటుంది తప్ప పనికి మాత్రం దండగ.

లాక్ అంటే ఏది

‘లాక్ ఉందా’ అని అడగడం సరిపోదు, ఎలాంటి లాక్ అని అడగాలి. అన్నిటికన్నా పాతది లాక్ లేనిదే. పిడి వీపులో ఒక బద్దలాంటి స్ప్రింగు ఉంటుంది. అది అలుగు మడమని, అంటే కీలు దగ్గరి వెనక భాగాన్ని, గట్టిగా నొక్కి పట్టుకుంటుంది. తెరిచేటప్పుడు, మూసేటప్పుడు ‘టక్’ మని తగులుతుంది. స్విట్జర్లాండ్‌లో కార్ల్ ఎల్జెనర్ 1884లో మొదలుపెట్టిన కత్తుల పనిశాల 1891లో స్విస్ సైన్యానికి సైనికుల చాకులు ఇచ్చింది. ఇవాళ మనం స్విస్ కత్తి అని పిలిచేది ఆ వంశమే. దాని పెద్ద అలుగుకు చాలా మోడళ్ళలో ఇప్పటికీ ఈ స్ప్రింగు పట్టే తప్ప లాక్ ఉండదు. కోయడానికి అది చాలు. గట్టిగా నెడితే మాత్రం మూసుకుంటుంది, మూసుకునేలాగే చేశారు.

ఫ్రాన్స్‌లోని సవోయ్ ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ 1890లో చేసిన కర్ర పిడి చాకుకు మొదట్లో లాక్ లేదు. 1955లో మార్సెల్ ఒపినెల్ దాని మెడకు తిరిగే ఉంగరం ఒకటి జోడించాడు. అలుగు తెరిచి ఆ ఉంగరాన్ని ఒక పక్కకు తిప్పితే గాడి మూసుకుపోతుంది, అలుగు వెనక్కి రాలేదు. ఇంత తేలికైన ఏర్పాటు ఇంకోటి నేను చూడలేదు. పాడవడానికి అందులో ఏమీ లేదు, లాక్ పడిందో లేదో కంటికి కనిపిస్తుంది. తర్వాత 1964లో అమెరికాలో బక్ కంపెనీ తెచ్చిన 110 మోడల్‌తో వీపు లాక్ ఊరూరా తెలిసింది. పిడి వీపులో ఉన్న కమ్మీ చివర ఒక పన్ను ఉంటుంది, అది అలుగు మడమలోని గాడిలో దిగుతుంది. మూయాలంటే వెనక వైపు కమ్మీని నొక్కాలి. 1980 ప్రాంతంలో మైకేల్ వాకర్ అనే కత్తుల పనివాడు పక్క రేకు లాక్‌ని ఇప్పుడున్న రూపానికి తెచ్చాడు. పిడి లోపలి పల్చటి రేకే స్ప్రింగులా వంగి అలుగు మడమ వెనక నిలబడుతుంది. ఆన్‌లైన్‌లో మూడు నాలుగు వందలకు దొరికే చాకుల్లో చాలావరకు ఇదే రకం. మంచి పనివాడు చేస్తే గట్టిగా నిలుస్తుంది. చవకది అయితే రేకు మడమకు ఒక అంచున మాత్రమే తగులుతుంది, నాలుగు రోజులకు జారుతుంది. జేబులో దూది పోగులు, మట్టి ఆ రేకు కిందికి చేరినా పూర్తిగా పడదు. అందుకే చవక లాక్ చాకు కన్నా మంచి స్ప్రింగు చాకే మేలని నేను గట్టిగా చెబుతాను. లాక్ లేని చాకుతో మనిషి జాగ్రత్తగా ఉంటాడు. లాక్ ఉందన్న ధైర్యంతో వీపు మీద కొడతాడు, పొడుస్తాడు, మెలిపెడతాడు.

బటన్ నొక్కితే తెరుచుకునే చాకుల గురించి కూడా అడుగుతుంటారు. పాత సినిమాల పుణ్యమా అని ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్ కత్తి పేరు మన ఊళ్ళలో కూడా తెలుసు. అది త్వరగా తెరుచుకోవచ్చు, కీలు బలం మాత్రం దానితో పెరగదు.

స్ప్రింగూ లాకూ రెండూ లేని మడత కత్తి కూడా ఉంది, తిరుపతి వాళ్ళకు బాగా తెలిసినదే. గడ్డం గీసే కత్తి. తిరుమల కల్యాణకట్టలో ఇప్పుడు బ్లేడు మార్చే రకం వాడుతున్నా, దాని మడత పాత కత్తిదే. క్షురకుల చెయ్యి ఒకసారి పరీక్షగా చూడండి. వాళ్ళు పట్టుకునేది పిడిని కాదు. అలుగు వెనక ఉన్న మడమ మీద మూడు వేళ్ళు, కింద బొటనవేలు, పిడి పైకి లేచి గాల్లో ఉంటుంది, చిటికెన వేలు తోక మీద ఆనుతుంది. అంటే పని జరుగుతున్నంత సేపూ కీలు మీద ఒత్తిడే పడడం లేదు. వేళ్ళే లాక్. కీలు కేవలం మూసి పెట్టుకోవడానికి. ఆ పట్టు చూశాక, కీలు ఉన్న కత్తి బలహీనమని గుడ్డిగా అనలేం.

అసలు కీలు ఉంటేనే బలం వచ్చే పనిముట్లు మన ఇళ్ళలోనే ఉన్నాయి. ఆవకాయకు టెంకతో సహా కాయ కొట్టే పెద్ద కత్తి ఉంటుంది కదా, పలకకు ఒక చివర పిన్నుతో బిగించి, ఇంకో చివర పిడి పట్టుకుని కిందికి దించేది. పచ్చి టెంక మీద చేత్తో మామూలు కత్తి వేస్తే జారుతుంది. ఈ కీలు కత్తి మాత్రం టెంకని నుజ్జు చేయకుండా రెండు చెక్కలు చేస్తుంది. అడకత్తెరా అంతే, రెండు కాళ్ళ మధ్య ఒక పిన్ను, వక్క పొడి పొడి. తేడా ఏమిటంటే, ఇక్కడ కీలు తిరిగే వైపే కోత. చేతి బలాన్ని పెంచి పంపడం ఆ పిన్ను పని. మడత చాకులో కీలు తిరిగేది దాచుకోవడం కోసం, కోత వేరే. ఒకే పిన్ను ఒక చోట బలం, ఇంకో చోట లోపం అవడానికి కారణం ఇదే.

ఈ మధ్య స్టీలు సామాన్ల కొట్లలో మడత కత్తిపీటలు కూడా వస్తున్నాయి. చిన్న వంటిళ్ళకు, పిల్లలున్న ఇళ్ళకు నిజంగా మంచివే. కాకపోతే గుమ్మడికాయో, పనసకాయో గట్టిగా తోసేటప్పుడు ఒత్తిడి అంతా మొదట్లో ఉన్న బోల్టు మీద పడుతుంది. అది లూజైతే అలుగు పక్కకు ఊగుతుంది, ముక్క వంకర పోతుంది, చెయ్యి జారుతుంది. నెలకోసారి స్పానర్‌తో బిగిస్తే సరిపోతుంది. ఎవరూ బిగించరు.

మడవని కత్తిలో కనపడని అతుకు

మడవని కత్తి అంతా ఒకే ముక్క కాబట్టి విరగదు అనుకుంటాం. అదీ సగం నిజమే. అలుగు ఉక్కు, పిడి కర్ర. రెండూ కలిసే చోటు పిడి లోపల ఉంటుంది, కొనేటప్పుడు కనబడదు. మా వైపు కొలిమి దగ్గర ఒక పెద్దాయన దీన్ని ఒక్క మాటలో చెప్పాడు: “కత్తి ఇరిగేది కనపడే కాడ కాదు నాయనా, కనపడని కాడ.”

తోక పిడి పొడవునా, పిడి వెడల్పంతా ఉంటే అది నిండు తోక. రెండు పక్కలా రెండు చెక్కలు పెట్టి రివిట్లు కొడతారు. పిడి అంచు చూస్తే రెండు చెక్కల మధ్య ఉక్కు గీత కనబడుతుంది. కట్టెలు చీల్చాలన్నా, కొబ్బరికాయ కొట్టాలన్నా ఇదే నమ్మకం. రెండో రకం ఎలుక తోకలా సన్నగా ఉండేది. దాన్ని ఎర్రగా కాల్చి, తుమ్మ కర్రకో చింత కర్రకో పెట్టిన బెజ్జంలోకి దిగ్గొడతారు. కొందరు లక్క పోసి పట్టిస్తారు. నోటి దగ్గర చీలకుండా ఇనుప పొన్ను వేస్తారు. కూరగాయలకు, గడ్డి కోతకు ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది, తేలిగ్గా ఉంటుంది, దెబ్బ అదురు చేతికి తక్కువగా తెలుస్తుంది. అంతెందుకు, స్వీడన్‌లోని మోరా కత్తులు కూడా చాలావరకు ఇలాంటి దాచిన తోకవే, వాటితో అక్కడి వడ్రంగులు తరాలుగా చెక్కుతున్నారు. కాబట్టి సన్న తోక నాసిరకం అని కాదు. కానీ దానితో గడ్డపార చేసే పని చేయిస్తే పిడిలోనే పుటుక్కుమంటుంది. ఎండాకాలం కర్ర ఎండి సన్నబడినప్పుడు పిడిలోంచి అలుగు ఊడొచ్చి, ఎత్తిన చేతి వెనక్కి ఎగిరిపోవడం పల్లెల్లో చాలామంది చూసి ఉంటారు. మడత చాకు మూసుకుపోయినప్పటి ప్రమాదం కన్నా అది తక్కువేమీ కాదు.

మచ్చుకత్తులు, కొడవళ్ళు చేసే కమ్మరులు ఎక్కువగా లారీల పాత కమాను పట్టీలు తెచ్చుకుంటారు. ఆ ఉక్కులో కార్బన్ దాదాపు 0.5 నుంచి 0.6 శాతం ఉంటుంది. వంగి మళ్ళీ లేవడమే ఆ పట్టీ పుట్టుక, అందుకే దెబ్బకు పగలదు. కొలిమిలో ఎర్రగా కాల్చి, దాగలి మీద సాగ్గొట్టి, పదును వైపు నీళ్ళలోనో నూనెలోనో ముంచుతారు. అప్పుడది గట్టిపడుతుంది కానీ గాజులా పెళుసుగా ఉంటుంది. మళ్ళీ నెమ్మదిగా వేడి చేస్తారు. తళతళలాడే ఉక్కు మీద ముందు లేత గడ్డి రంగు వస్తుంది, అది సుమారు 220 డిగ్రీలు. తర్వాత గోధుమ, ఊదా, 300 డిగ్రీల దగ్గర నీలం. గీసే కత్తికి గడ్డి రంగు దగ్గర ఆపాలి, కొట్టే కత్తికి నీలం దాకా పోనివ్వాలి. థర్మామీటర్ ఏమీ లేదు, ఆ రంగుని కనిపెట్టే కన్నే సాధనం. తోకని మాత్రం మెత్తగానే వదిలేస్తారు. మెత్తటి తోక వంగుతుంది, గట్టి తోక విరుగుతుంది. కొలిమి కత్తి కొంటే ఇంకోటి కూడా చూడండి. అలుగు తోకగా సన్నబడే చోట మూల కోసినట్టు నిట్టనిలువుగా ఉంటే పగులు అక్కడే మొదలవుతుంది. అక్కడ గుండ్రంగా వంపు తిప్పి ఉంటే ఆ పనివాడికి పని తెలిసినట్టే.

పిడి కర్ర గురించి ఒక మాట. ఇది ఎర్రచందనం పిడి అని ఎవరైనా చెప్పి అమ్మితే ఆగండి. శేషాచలం ఎర్రచందనం మీద నియంత్రణ కఠినంగా ఉంటుంది, 1995 నుంచి అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందంలోనూ రక్షిత జాబితాలో ఉంది. కాగితాలు లేని ముక్క ఇంట్లో ఉండడమే తలనొప్పి. పిడికి తుమ్మ చాలు.

అంటు కట్టే చాకు, ముక్కలు కోసే చాకు

అంటు కట్టడం చూస్తే మడత చాకు ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది. వేరు మొక్క తల తీసేసి నడిమికి చీలుస్తారు. మంచి చెట్టు నుంచి తెచ్చిన పుల్ల మొదలుని రెండు పక్కలా వాలుగా చెక్కి ఆ చీలికలో దించుతారు. బెరడు కింద పచ్చటి పొర ఉంటుంది. రెండిటి పచ్చ పొరలూ ఒకదానికొకటి తగలాలి, మధ్యలో గాలి ఉండకూడదు. వెంటనే ప్లాస్టిక్ పట్టీ చుట్టేస్తారు. ఇక్కడ చెక్కిన ముఖం అద్దంలా చదునుగా ఉండాలి. అలుగు రెండు వైపులా వాలుగా ఉంటే కోత మధ్యలో లోతై చెంచాలా పోతుంది. అందుకే అంటు చాకుకు ఒక పక్కే పదును తీస్తారు, ఇంకో పక్క చదును. ఎడమచేతి వాటం వాళ్ళకు చాకు వేరే కావాలి.

ఈ పనిలో బలం దాదాపు సున్నా. కావాల్సింది గడ్డం గీసుకునేంత పదును, ఆ పదును సాయంత్రం దాకా చెడకుండా ఉండడం. మనిషి వరుసల మధ్య వంగుతాడు, లేస్తాడు, పాలిథిన్ సంచులు జరుపుతాడు. మట్టి అంటని, చేతికి గీసుకోని చోటు ఆ అలుగుకు పిడి గాడి ఒక్కటే. ప్రతి కోత తర్వాతా తుడిచి మూస్తాడు. మచ్చుకత్తికి ఈ పదును తేలేం, తెచ్చినా మొదటి కొమ్మకే పోతుంది, దాని పదును వాలు మందంగా ఉంటేనే కట్టె దెబ్బకు నిలుస్తుంది.

ఇప్పుడు తిరుపతి బస్టాండు బయట తోతాపురి కాయ విసనకర్రలా కోసి ఉప్పూ కారం జల్లే అమ్మ చేతిలో చూడండి. పల్చటి స్టీలు అలుగు, ప్లాస్టిక్ పిడి, ఎక్కడా కీలు లేదు. ఆమె పనికీ బలం అక్కర్లేదు, చాకూ చిన్నదే. మరి మడతది ఎందుకు వాడదు? కాయ రసం, సొన, ఉప్పు, కారం మడత చాకులో అయితే నేరుగా కీలులోకి పోతాయి. పక్కనున్న బకెట్టులో ఒక్కసారి ముంచి తుడిస్తే శుభ్రమయ్యే కత్తి ఆమెకు కావాలి. బలం తక్కువ కావాల్సిన పనులు రెండు. ఒకదానికి మడత, ఇంకోదానికి మడవనిది. తిండి తగిలే చోట నిర్ణయం కడగడాన్ని బట్టి ఉంటుంది. మాంసం కొట్లో మడత కత్తి కనబడకపోవడానికీ మొదటి కారణం ఇదే.

మామిడి సొన సంగతి చిత్తూరు వాళ్ళకు చెప్పక్కర్లేదు, చేతికి తగిలితే మండుతుంది, పొక్కుతుంది. ఉక్కునీ వదలదు. ఇనుప కత్తితో పచ్చి కాయ కోస్తే ముక్క అంచు నల్లబడడం మన ఇళ్ళలో అందరూ చూసేదే. కాయలోని వగరు, కత్తిలోని ఇనుము కలిసి ఆ నలుపు. అది విషం కాదు గానీ ఊరగాయకు రంగు చెడుతుంది. స్టెయిన్‌లెస్ అనిపించుకోవాలంటే ఉక్కులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉండాలి, చాకుల్లో ఇంకా ఎక్కువే వేస్తారు. అదీ ఉప్పు తడిలో రోజుల తరబడి వదిలేస్తే తుప్పు చుక్కలు పడతాయి. మడవని కత్తి మీద తుప్పు కంటికి కనబడుతుంది, బూడిదతో తోమేస్తాం. మడత చాకులో అది పిన్ను దగ్గర మొదలవుతుంది, అలుగు బిగుసుకున్నాకే తెలుస్తుంది. తోటలో వాడే మడత చాకుని గోరువెచ్చటి నీళ్ళలో నాలుగైదు సార్లు తెరిచి మూసి, ఎండలో ఆరబెట్టి, కీలు మీద ఒక్క చుక్క కుట్టుమిషను నూనె వేస్తే ఏళ్ళు నిలుస్తుంది. వేరుశనగ నూనె వద్దు. అది కొన్నాళ్ళకు జిగురుగా మారి మట్టిని పట్టుకుంటుంది. కాయలు కోసుకుని తినే చాకైతే మిషను నూనె బదులు కాస్త కొబ్బరినూనె రాసి తుడవండి.

వెంట తీసుకెళ్ళేటప్పుడు

మడత చాకు జేబులో పడుతుంది కాబట్టి చట్టం దాన్ని పట్టించుకోదని ఒక నమ్మకం ఉంది. చట్టం కొలత వేరు. ఆయుధాల నిబంధనల్లో తుపాకులు కాని ఆయుధాల వర్గం ఒకటుంది. అలుగు 9 అంగుళాల కన్నా పొడుగు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు ఉన్న కత్తులు అందులోకి వస్తాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి, శాస్త్ర, పారిశ్రామిక పనులకు చేసినవి మినహాయింపు. మడుస్తుందా లేదా అన్న మాటే అక్కడ లేదు. మచ్చుకత్తి ఆ కొలతలు దాటినా వ్యవసాయ పనిముట్టు కాబట్టి తోటలో దానికి ఇబ్బంది లేదు. అదే మచ్చుకత్తి తిరుపతి గంగమ్మ జాతర జనంలో నడుముకు కనబడితే పోలీసులు అడుగుతారు, అడగాలి కూడా.

అడవి సంగతి ఇంకా స్పష్టం. తలకోనకు వెళ్ళే కుర్రాళ్ళు బ్యాగులో కత్తి పెట్టుకోవడం మామూలైపోయింది. తలకోన శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలో ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆయుధం అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో కత్తులు పేరు పెట్టి ఉన్నాయి, ఉచ్చులతో, విషంతో పాటు. రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో లోపలికి పోకూడదు. రెండంగుళాల చాకైనా ఆ మాటలోకి వస్తుంది. పండ్లు కోసుకునేది ఉంటే ఇంటి దగ్గరే కోసి డబ్బాలో పెట్టుకోండి. తిరుమల కొండకు వెళ్ళేవాళ్ళు అలిపిరి తనిఖీలో సామాను స్కాన్ అవుతుందని గుర్తుంచుకుని చాకు గదిలోనే వదిలి వెళ్ళాలి. రేణిగుంటలో విమానం ఎక్కేవాళ్ళు కీచైన్‌కు ఉన్న చిన్న చాకుని కూడా చెక్-ఇన్ సామానులో వేసేయాలి. చేతి సంచిలో ఉంటే అక్కడే తీసేసుకుంటారు.

కొనడానికి వెళ్ళినప్పుడు మడవని కత్తిని పిడి పట్టుకుని, రెండో చేతి వేలితో అలుగు వీపు మీద మెల్లగా తట్టండి. గలగల శబ్దం వస్తే తోక లోపల కదులుతోంది. ఒర తప్పనిసరిగా అడగండి. ఒర లేని మడవని కత్తి సంచిలో పెట్టుకుంటే సంచీ తెగుతుంది, చెయ్యీ తెగుతుంది. మడత చాకుని తెరిచి, అలుగుని కొన దగ్గర పట్టుకుని పక్కలకు ఊపి చూడండి. కొత్తదే ఊగితే వదిలేయండి. మూసి తలకిందులుగా విదిలిస్తే తెరుచుకోకూడదు. పక్క రేకు లాక్ అయితే రేకు అంచు అలుగు మడమ మీద ఎంత వెడల్పున ఆనిందో వెలుతురులో చూడండి.

మూయడం కూడా కొట్లోనే నేర్చుకుని రండి, ఎందుకంటే చాలా వేళ్ళు తెగేది అప్పుడే. పక్క రేకు లాక్‌ని బొటనవేలితో పక్కకు నెట్టాలి. అలుగుని కొద్దిగా, రెండు వేళ్ళ మందం మాత్రమే వంచాలి. అప్పుడు ఆగి బొటనవేలు గాడిలోంచి పూర్తిగా బయటికి తీసేయాలి. మిగతా నాలుగు వేళ్ళూ పిడి పక్కల మీదికి జరపాలి. ఆ తర్వాతే రెండో చేత్తో అలుగు వీపు మీద నొక్కి మూయాలి.